రేడియేటర్‌లో తగ్గిన నీళ్ళు

ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పి మళ్ళీ బిగించగలిగినవాణ్ణి గుంటూరు చుట్టుపక్కల నేనొక్కణ్ణే అని చాలా ఏళ్ళు నమ్మాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. షార్జాలో ఒక గ్యారేజీలో పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడ కాలితో క్లచ్ తొక్కే బండి నెలకొకటి వస్తే గొప్ప. తిరిగొచ్చి మిర్చియార్డు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నప్పుడు, తోటి మెకానిక్‌లు నవ్వారు. "గేరు మార్చడం రానివాళ్ళ బండ్లు ఇక్కడెవరు కొంటారు సాయిబూ?" అన్నారు. నాలుగైదేళ్ళు ట్రాక్టర్లూ జీపులూ చేసుకుంటూనే బతికాను. ఆ తర్వాత ఆటోమేటిక్‌లు ఒక్కొక్కటే రావడం మొదలైంది. నవ్వినవాళ్ళే, తమకు అంతుపట్టనివన్నీ నా దగ్గరికి పంపేవారు.

అప్పుడు నాకో అలవాటైంది. బండి యజమాని మూడో మాట చెప్పేలోపే రోగం ఏమిటో నేను చెప్పేసేవాణ్ణి. ఇంజను స్టార్ట్ చేయించి, గేరు పడేటప్పుడు వచ్చే చప్పుడు విని, ఆయిల్ కడ్డీ బయటికి లాగి వాసన చూసి, ఇదీ సంగతి అనేవాణ్ణి. చాలాసార్లు అదే అయ్యేది. ఎదుటివాళ్ళు నోరు తెరిచి చూస్తుంటే బాగుండేది.

టీచర్ గారు మా షెడ్డుకు మొదటిసారి వచ్చింది ఒక ఆగస్టు నెలలో. ప్రత్తిపాడు అవతల ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు టీచరు. యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తుంటిదాకా ఇనుప పట్టీలు కట్టుకుని, చంకకింద కర్ర పెట్టుకుని నడిచేవారు. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక వీధిలో ఒక్కరే ఉండేవారు. ఆవిడ బండి పదిహేనేళ్ళ పాత ఎస్‌యూవీ, తెల్లది, అంచుల్లో తుప్పు పట్టింది. చిన్న కారు కాకుండా అంత పెద్ద బండి ఎందుకు కొన్నారని నేనే అడిగాను.

"మా ఊరి రేగడి సంగతి తెలీదా మేస్త్రి గారూ? వాన పడితే చిన్నకారు పొట్టదాకా దిగిపోతుంది. ఎత్తుగా ఉండాలి, ఎడంకాలితో పనుండకూడదు. ఈ రెండూ ఉండి నాకు అందినది ఇదొక్కటే."

ఆటోమేటిక్ బండికి క్లచ్ ఉండదు. ఎడమకాలికి పనిలేదు. మిగతా వాళ్ళకు అదొక సుఖం. ఆవిడ మాత్రం ఆ బండి ఉంటేనే ఒకరి సాయం అడగకుండా ఇంట్లోంచి బయటికి రాగలరు.

బండికి ఏమైందో చాలా వివరంగా చెప్పారు.

"పొద్దున్నే 'డి'లో వేస్తే రెండు మూడు సెకన్లు కదలదండీ. తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఒక్క కుదుపు కుదిపి కదులుతుంది. నలభై దాటాక ఇంజను అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. ఎండాకాలం సెలవుల నుంచీ ఇదే వరస. ఇంకోటండీ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతున్నాయి. వారం వారం పోస్తున్నాను."

"అది వేరే సంగతిలెండి. మూత రబ్బరు పోయుంటుంది."

"కింద ఎక్కడా తడి కూడా లేదండీ. కారకుండా నీళ్ళు ఎటు పోతాయి?"

"ఆవిరైపోతాయి టీచర్ గారూ" అన్నాను. సైన్సు టీచరుకు నీళ్ళు ఆవిరవడం గురించి నేను చెప్పాను. 

ఆవిణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఏటుకూరు వైపు నాలుగు మైళ్ళు నడిపాను. రెండు పక్కలా పత్తి మోకాలెత్తు ఉంది. మిరప నారు పోసిన మళ్ళమీద వలలు కట్టి ఉన్నాయి. ఆవిడ చెప్పినట్టే రెండో గేరులోంచి మూడోదానికి మారేచోట ఇంజను వేగం పెరిగి బండి జారుతోంది. షెడ్డుకు తిరిగొచ్చి కడ్డీ తీసి చూశాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమరంగుకు తిరిగింది. మాడిన వాసన. లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి, గేరుబాక్సు దించాలి అని చెప్పేశాను. కాలితో తొక్కే క్లచ్ లేకపోయినా ఆటోమేటిక్ గేరుబాక్సు లోపల పల్చటి ప్లేట్లు దొంతరలుగా ఉంటాయి. ఆయిల్ ఒత్తిడికి అవి ఒకదాన్నొకటి పట్టుకుంటేనే బండి కదులుతుంది.

మర్నాడు దించి విప్పాను. ప్లేట్లు పోయిన మాట నిజమే. నేను చెప్పిందే అయింది. అయితే వేడికి అరిగి మాడిన ప్లేటు నల్లగా ఉంటుంది, గోరుతో గీకితే పొడి రాలుతుంది. ఈ ప్లేట్ల మీది పొర అలా లేదు. వానకు నానిన గోడమీద సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచినట్టు లేచి వస్తోంది. ఒక ప్లేటును వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాను. అలాంటివి షార్జాలో ఒకటి రెండుసార్లు చూసిన గుర్తు లీలగా తట్టింది. బండి పాతది కదా, జిగురు వదిలేసిందిలే అనుకుని పక్కన పడేశాను.

సామాను మద్రాసు నుంచి రావాలి. ఆ పది రోజుల్లో టీచర్ గారు మూడుసార్లు బడి అయ్యాక ఆటో కట్టించుకుని వచ్చారు. తొందర పెట్టడానికి కాదు. బల్లమీద విప్పి పెట్టిన భాగాలను ఒక్కోటీ చూపించి, ఇదేం చేస్తుంది, అదేం చేస్తుంది అని అడిగేవారు. ఆయిల్ ఎటు వెళ్ళి ఎటు వస్తుందో చెప్పించుకునేవారు. ఒకరోజు చెబుతూ చెబుతూ, "వేడెక్కిన ఆయిల్ ముందుకు పోయి, రేడియేటర్‌లో ఉన్న చిన్న గొట్టంలో చల్లారి మళ్ళీ వస్తుంది" అన్నాను. ఆవిడ తలూపారు. ఆ మాట నా నోటితోనే అన్నాను. అయినా నా బుర్రకు తట్టలేదు.

మాటల్లో వాళ్ళక్క గురించి చెప్పారు. అక్క ఆవిడకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. చెల్లెలు నడవలేదని బడిలో చేర్చుకోకపోతే, అక్క తన చదువు మానేసి చెల్లెల్ని వీపుమీద మోసుకుని రోజూ బడికి తీసుకెళ్ళిందట. పత్తి తీతకు వెళ్ళే రోజుల్లో చీకటితోనే లేచి బడి అరుగుమీద దించి, పనికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఎత్తుకుని వచ్చేదట.

"ఏడో తరగతి దాకా మోసిందండీ. నేను బరువెక్కాక కూడా దింపలేదు. ఇప్పుడు దాని నడుం పోయింది. అదీ నావల్లే అంటాను, నవ్వుతుంది."

అక్కను ఒంగోలు అవతల కొత్తపట్నం ఇచ్చారు. బావగారు పోయాక అక్కడే చర్చి పక్కన ఉంటోంది. టీచర్ గారు నెలకు రెండు శనివారాలు బండేసుకుని వెళ్ళి, ఆమెను సముద్రం ఒడ్డుదాకా తిప్పి, ఆదివారం ఆరాధన చూసుకుని తిరిగొచ్చేవారు.

కొత్త ప్లేట్లు, సీళ్ళు, ఫిల్టరు వేసి, కొత్త ఆయిల్ పోసి బండి ఇచ్చాను. రేడియేటర్ మూత కూడా మార్చాను. ఆవిడ యార్డు వైపు ఒక చుట్టు తిప్పుకొచ్చి, "కొత్త బండిలా ఉందండీ" అన్నారు. మొహమంతా వెలిగిపోయింది. సెప్టెంబరు, అక్టోబరు హాయిగా గడిచాయి. ఒకసారి ఫోన్ చేసి, "బండి బ్రహ్మాండం. నీళ్ళు మాత్రం ఇంకా తగ్గుతున్నాయండీ" అన్నారు. నేను అప్పుడు ఒక జీపు కింద పడుకుని ఉన్నాను. "ఈసారి వచ్చినప్పుడు చూద్దాం లెండి" అన్నాను.

నవంబరులో తుపాను వానలు పట్టుకున్నాయి. తీతకు వచ్చిన పత్తి చేలల్లోనే తడిసి వేలాడింది. ఆ వానల్లోనే ఒక ఉదయం పదకొండు గంటలప్పుడు టీచర్ గారి ఫోన్ వచ్చింది.

"మేస్త్రి గారూ, మేదరమెట్ల దాటానండీ. బండి జారుతోంది. అరవై మీద పోతుంటే ఒక్కసారిగా ఇంజను అరిచింది. పక్కకు తీసి ఆపాను. అక్క పోయిందండీ నిన్న సాయంత్రం. ఒంటిగంటకు భూస్థాపన. ఏం చెయ్యమంటారు?"

నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. బండి అక్కడే వదిలేసి, దొరికిన బస్సో ఆటోనో ఎక్కి వెళ్ళిపొండి అనాలి. అలా అంటే మూడు నెలల కిందట నేను చేసిన పని పాడైందని ఒప్పుకున్నట్టు అవుతుంది. కావాలని అలా ఆలోచించానని చెప్పను. కానీ నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఇది:

"వేడెక్కి ఉంటుంది టీచర్ గారూ. కంగారు పడకండి. ఇంజను ఆపేసి ముప్పావుగంట చల్లారనివ్వండి. తర్వాత 'డి'లో వద్దు, రెండులో వేసి మెల్లగా నలభైలో పొండి. ఒంగోలు చేరిపోతారు."

"కదులుతుందంటారా?"

"కదులుతుంది. గేరుబాక్సు అంతా కొత్తది. దానికేం కాదు."

ఆవిడ ముప్పావుగంట ఆగారు. బండి కదిలింది. ఆరేడు కిలోమీటర్లు వెళ్ళి మద్దిపాడు దగ్గర మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ ఫోన్ చేశారు. ఇంకో అరగంట చల్లారనిచ్చి చూడమన్నాను. ఆ అరగంటా అయ్యాక ఏ గేరులో వేసినా బండి అంగుళం కదల్లేదు. అప్పటికి ఒంటిగంట దగ్గర పడింది. వానలో రోడ్డుపక్కన కర్ర పట్టుకుని నిలబడి చెయ్యెత్తితే ఎవరూ ఆపలేదట. చాలాసేపటికి రొయ్యల మేత తోలుకెళ్ళే ఆటోవాడు ఒకతను ఆగి, బస్తాల పక్కన కూర్చోబెట్టుకుని ఒంగోలు దాకా దింపాడు. అక్కణ్ణుంచి ఇంకో ఆటో.

నేను రెండో ఫోను పెట్టేసిన వెంటనే, తెలిసినతని లాగుడు బండి వేసుకుని బయల్దేరాను. మద్దిపాడు చేరేసరికి మూడున్నర. టీచర్ గారు లేరు. తాళం ముందు చక్రం మీద పెట్టి వెళ్ళారు. బానెట్ ఎత్తి కడ్డీ బయటికి లాగాను. గుడ్డకు తుడవబోయి ఆగిపోయాను. కడ్డీ నిండా చిక్కటి గులాబీరంగు నురుగు, పాలల్లో రోజా షర్బత్ కలిపినట్టు. ఆ రంగు ఒకసారి చూస్తే ఎవరికీ అనుమానం ఉండదు. ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి. రేడియేటర్ లోపలి గొట్టం చిల్లుపడి, ఇంజను ఆగినప్పుడల్లా నీళ్ళు కొంచెం కొంచెం గేరుబాక్సులోకి పోతున్నాయి. ప్లేట్ల మీది పొర పెచ్చులుగా లేవడం, కింద తడి లేకుండా నీళ్ళు తగ్గడం, రెండూ ఆ చిల్లువల్లే. మొదట్లో వచ్చిన నీరు ఆయిల్ వేడికి ఇగిరిపోయి రంగు తెలియలేదు. చిల్లు పెద్దదయ్యాక తెలిసింది. పాడైన ప్లేట్ల స్థానంలో కొత్తవి వేశాను గానీ, వాటిని పోగొట్టిన దాన్ని ముట్టుకోలేదు. కొత్తవాటిని కూడా దానికే బలిచ్చాను.

వానలో తడుస్తూ అలాగే నిలబడ్డాను. లాగుడు బండి అతను, "ఏంది సాయిబూ, ఏమైంది?" అని రెండుసార్లు అడిగాడు. కడ్డీ అతని చేతికిచ్చాను.

మర్నాడు రేడియేటర్ ఊడదీసి, ఆయిల్ గొట్టం ఒక కొస మూసి, రెండో కొసకు గాలి పెట్టి, నీళ్ళ తొట్లో ముంచాను. అడుగున అతుకు దగ్గర నుంచి బుడగలు సన్నగా, వరసగా పైకొచ్చాయి. పదినిమిషాల పని. ఆగస్టులో చేసి ఉంటే ఆగస్టులోనే కనపడేది.

మా నాన్న పోయినప్పుడు నేను షార్జాలో ఉన్నాను. సెలవు దొరికి వచ్చేసరికి తొమ్మిది రోజులు దాటింది. ఖననానికి నేను లేను. మూడు పిడికిళ్ళ మట్టి వేయలేదు. ఆ లోటు ఎలాంటిదో నాకు తెలుసు. బుడగలు చూసిన రోజు రాత్రి అన్నం దగ్గర మా ఆవిడతో జరిగింది చెప్పాను.  "ఆమెకు చెప్పేయండి. బండి పాతది గదా అని సాకులు చెప్పబాకండి" అంది.

వారం తర్వాత టీచర్ గారు వచ్చారు. తెల్లచీర కట్టుకున్నారు. కుర్చీ వేస్తే కూర్చుని కర్ర ఒళ్ళో పెట్టుకున్నారు. నేను రేడియేటర్ ముందు పెట్టి, అతుకు చూపించి, జరిగింది మొత్తం చెప్పాను. ప్లేట్లు పెచ్చులుగా లేవడం చూసి కూడా పట్టించుకోలేదని చెప్పాను.  ఆవిడ అంతా విని అడిగారు.

"నీళ్ళ సంగతి నేను చెప్పాను కదండీ మీకు?"

"చెప్పారు."

"రెండుసార్లు చెప్పాను."

"చెప్పారండీ."

 రోడ్డుమీద మిర్చి బస్తాల లారీ ఒకటి వెళ్ళింది. ఆ ఘాటుకు ఇద్దరికీ దగ్గు వచ్చింది. తర్వాత ఆవిడే మొదలుపెట్టారు, ఎవరికో చెబుతున్నట్టు.

"ఒంటిగంట నుంచి నాకోసం ఆగారంట. మా సమాధుల దొడ్డి పల్లంలో ఉంటదండీ. వాన నీళ్ళు గుంటలోకి ఊరుతుంటే బకెట్లతో తోడారంట. తోడేకొద్దీ ఊరతానే ఉన్నాయంట. ఇక ఆగితే పెట్టె తేలుతుందని రెండుంబావుకు దించేశారు. నేను పోయేసరికి మట్టి పోసి, పైన తాటాకులు కప్పి ఉన్నాయి. మొహం చూళ్ళేదు."

"టీచర్ గారూ, ఫోన్‌లో మిమ్మల్ని ఆగమన్నది నేను. ఆటో ఎక్కి వెళ్ళమని చెప్పాల్సింది."

"నేనూ అదే అనుకున్నానండీ మొదట. మీరు కదులుతుంది అన్నారు కదా అని కూర్చున్నాను."

కోపంగా అని ఉంటే బాగుండేది. పిల్లలకు లెక్కలో ఎక్కడ తప్పు వచ్చిందో చూపించినట్టు అన్నారు. నేను క్షమించమన్నాను. చేతులు జోడించాను. "వదిలేయండి మేస్త్రి గారూ" అన్నారు. అది క్షమించిన మాటో, ఇక ఆ సంగతి ఎత్తవద్దన్న మాటో నాకు ఇప్పటికీ తెలియదు.

గేరుబాక్సు మళ్ళీ దించాను. ఈసారి ప్రతి గొట్టమూ కడిగి ఆరబెట్టాను. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఉండి నీరు పట్టిన టార్క్ కన్వర్టర్ తీసేసి వేరేది వేశాను. కొత్త రేడియేటర్ పెట్టి, గేరు ఆయిల్‌కు దానితో సంబంధం లేకుండా ముందు భాగంలో విడిగా ఒక కూలర్ బిగించాను. ఇక నీళ్ళూ ఆయిలూ ఒకదాన్నొకటి కలిసే దారే లేదు. నా చేతిలో అంత శుభ్రంగా జరిగిన పని అంతకుముందు లేదు. పూర్తయ్యాక నేనే మూడు రోజులు నడిపి చూశాను. చిలకలూరిపేట దాకా వెళ్ళి వచ్చాను. గేరు మారడం తెలియను కూడా తెలియలేదు. చాలా బాగా నడిచింది. స్టీరింగ్ పట్టుకుని ఏ సంతోషమూ లేకుండా నడిపాను.

టీచర్ గారు వచ్చి బండి తీసుకెళ్ళారు. ఎలా ఉందో తిప్పి చూడలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఆయిల్ చూపించుకోవడానికి వచ్చారు. నమస్కారం చేసేవారు, అయ్యేదాకా కుర్చీలో కూర్చునేవారు. పదో తరగతి పరీక్షల గురించి, తామరపురుగు తగిలిన మిరప గురించి రెండు ముక్కలు మాట్లాడేవారు. బల్లమీద ఏ భాగం విప్పి ఉన్నా అది ఏమిటని అడగలేదు. నేనే ఒకసారి చొరవ చేసి చూపించబోయాను. "పర్లేదండీ" అన్నారు.

ఏడాది తర్వాత రావడం మానేశారు. వేరే మెకానిక్ దగ్గరికి వెళుతున్నారనుకున్నాను. వెళ్ళినా తప్పులేదు అనుకున్నాను.

మొన్న ఫిబ్రవరిలో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. సింగరాయకొండ నుంచి, రొయ్యల చెరువులున్న ఆయన. తెల్ల ఎస్‌యూవీ ఒకటి టీచరమ్మ దగ్గర కొన్నాననీ, గేరుబాక్సు పని నేనే చేశానని ఆవిడ చెబితే నంబరు తీసుకున్నాననీ అన్నాడు.

"ఏమైనా ఇబ్బందా అండీ?" అన్నాను.

"ఇబ్బందేం లేదు సాయిబు గారూ! ఇంత పాత బండికి అంత మెత్తటి గేరు నేనెక్కడా చూళ్ళేదు. ఆయిల్ ఏది పోయాలో కనుక్కుందామని చేశా."

ఆయిల్ పేరు చెప్పాను. రాసుకున్నాడు. పెట్టేయబోతుంటే అడిగాను.

"టీచర్ గారు ఎందుకు అమ్మేశారో ఏమైనా అన్నారా అండీ?"

"అన్నారు. కొత్తపట్నం వైపు ఇక పోయే పని లేదంట. బడికి తారు రోడ్డు కూడా పడిందిగా, ఊళ్ళో తిరగడానికి క్లచ్ లేని చిన్న కారొకటి తీసుకున్నారు. అది చాలన్నారు."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు, చెరువుల గట్లమీద కూడా బండి బాగా ఎక్కుతోందని. మంచిదండీ, మంచిదండీ అంటూ ఆయన పెట్టేసేదాకా వింటూ ఉండిపోయాను.